రాతి ముసుగు తీసే రోజుకు రాయితీ టికెట్టు

మారుమూల నివాసుల విమాన ఛార్జీల రాయితీ విభాగం పర్యవేక్షకులు గారి సముఖమునకు,

దేశానికి ఉత్తరపు కొసనున్న టోరెస్ జలసంధిలోని గైబర్ దీవి శాశ్వత నివాసియు, ప్రస్తుతం కెయిర్న్స్ పట్టణంలో రోగుల వసతి గృహం పదకొండో నంబరు గదిలో తాత్కాలికంగా ఉంటున్నవాడును అగు ఎలియాబ్ మరేకో, వయస్సు అరవై నాలుగు, పూర్వపు వృత్తి సముద్రంలో మునిగి రాతిరొయ్యలు పట్టుట, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య, దివంగత కెజియా మరేకో సమాధి రాతి ముసుగు తీసే కార్యమునకు హాజరగు నిమిత్తం, కెయిర్న్స్ నుండి గైబర్ దీవికి పోను రాను స్థానిక నివాసుల రాయితీ టికెట్టు మంజూరు చేయుట గురించి. మూడు పర్యాయములు తిరస్కరించబడినది. ఇది నాలుగవ మనవి.

తమరు పంపిన మూడు ఉత్తరములును నాకు సకాలంలో అందినవి. వాటిని భద్రంగా దాచుకొన్నాను. మూడింటిలోను నన్ను 'ప్రియమైన దరఖాస్తుదారునికి' అని సంబోధించారు. ఈ పట్టణంలో నన్ను ప్రియమైన అన్నవారు తమరొక్కరే గనుక అందుకు కృతజ్ఞుడను. ఆ తర్వాతి పంక్తి మాత్రం 'విచారిస్తున్నాము' అని మొదలవుతుంది. తమ విచారానికి తమరు చూపిన కారణాలను ఒక్కొక్కటిగా ఎత్తి, నా సంజాయిషీ దిగువన సమర్పించుకొంటున్నాను.

1. నివాసం విషయమై.

తమ నిబంధన ప్రకారం రాయితీ కోరే వ్యక్తి గడిచిన పన్నెండు నెలల్లో కనీసం ఆరు నెలలు జాబితాలోని దీవిలో నివసించి ఉండవలెను. 'గత సంవత్సరంలో మీరు దీవిని విడిచి ఉన్న నెలలు ఎన్ని?' అన్న గడిలో నేను సున్నా వేశాను. తమ కార్యాలయం దీనిని తప్పుడు ధ్రువీకరణగా భావించి, ఇకముందు ఇట్లు చేసినచో చర్య తీసుకోబడునని హెచ్చరించింది. నేను చాలా తప్పులు చేసిన మనిషినే గాని, ఇది ఆ లెక్కలోది కాదు.

మా దీవిలో ఫలానావాడు ఊరు విడిచాడు అన్న మాట ఊరికే అనరు. రొయ్యల కాలంలో మేము వారాల తరబడి పడవల మీదే ఉంటాం. నీళ్ళ అడుగున రాళ్ళ వెంబడి తిరుగుతాం, అక్కడే వండుకుంటాం, అక్కడే పడుకుంటాం. ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే ఆడవాళ్ళు 'నీళ్ళ మీద ఉన్నాడు' అంటారు గాని ఊళ్ళో లేడనరు. ఇక ఇంట్లో చావు జరిగి, రాతి మీద ముసుగు ఇంకా తీయకుండా ఉంటే, ఆ ఇంటి మనిషి భూమ్మీద ఎక్కడ ఉన్నా ఊళ్ళో ఉన్నట్టే లెక్క. చర్చి విందుల్లో వాడి పేరున ఒక పళ్ళెం పక్కన పెడతారు. నా పళ్ళెం నాలుగేళ్ళుగా పెడుతున్నారు. అందులోది మా తోడల్లుడు తింటున్నాడు, అది వేరే సంగతి. ఈ పద్ధతి ప్రకారం నేను సున్నా వేశాను.

తమ కార్యాలయం నుండి బ్రియనీ అనే అమ్మాయి ఈ విషయమై ఫోను చేసింది. మర్యాదస్తురాలు. సంభాషణ యథాతథంగా మనవి చేస్తున్నాను.

"అంకుల్, పోయినేడాది మీరు కెయిర్న్స్‌లో ఎన్ని నెలలున్నారు?"

"పన్నెండు."

"మరి ఫారంలో సున్నా రాశారేంటి?"

"నేను మా ఊరు వదిలిపెట్టలేదు కదమ్మా."

"అయ్యో, కెయిర్న్స్‌లో ఉన్నానని ఇప్పుడే అన్నారుగా!"

"ఉన్నాను. వదల్లేదు."

అటువైపు టపటపా మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆ పిల్ల గొంతు తగ్గించి, "అంకుల్, నాకు అర్థమైంది. కానీ నా కంప్యూటర్‌లో ఆ రెండింటికీ ఒకటే గడి ఉంది," అంది. తమరు దయయుంచి ఇంకో గడి ఏర్పాటు చేయించగలరు.

2. నేను కెయిర్న్స్‌లో ఉండుటకు గల కారణం.

నేను ఇక్కడికి విహారానికి రాలేదు. నా రెండు మూత్రపిండాలూ చెడిపోయినవి. సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం ఆరు గంటలకు నన్ను మిషనుకు తగిలిస్తారు. ఐదు గంటల సేపు అది నా రక్తం కడుగుతుంది. మా దీవిలో అట్టి మిషను లేదు. మా జలసంధి మొత్తానికి ఉన్న కొద్ది మిషను కుర్చీలూ నిండిపోయి ఉన్నవి. నా పేరు రాసుకొన్నారు. ఎవరో ఒకరు పోతే గాని అక్కడ ఖాళీ రాదు. వాళ్ళందరూ నాకు తెలిసినవాళ్ళే. అందువల్ల ఖాళీ రావాలని ప్రార్థన చేయలేకపోతున్నాను.

ఇక్కడ కుర్చీ ఇవ్వాలంటే ఇక్కడి చిరునామా ఉండాలన్నారు. సరే రాసుకోమన్నాను. ఆసుపత్రి గుమాస్తా ఒక్కచోట రాసిన చిరునామా నా కార్డులన్నిటికీ అంటుకుంది, ఆఖరికి ఓటుకు కూడా. రోగులకు ప్రయాణపు ఖర్చులిచ్చే మరో విభాగాన్ని అడిగాను. 'ఇంటి నుంచి ఆసుపత్రికి మాత్రమే ఇస్తాము' అన్నారు. 'మరి ఆసుపత్రి నుంచి ఇంటికి?' అన్నాను. వాళ్ళు లెక్కచూసి, నా ఇల్లు ఆసుపత్రికి నాలుగు వీధుల దూరంలోనే ఉన్నందున నేను నడిచి వెళ్ళవచ్చునని తెలియజేశారు. నేను ఆ నాలుగు వీధులూ నడుస్తూనే ఉన్నాను.

రోజుకు లీటరు నీళ్ళకు మించి తాగరాదు. కొబ్బరినీళ్ళు ముట్టరాదు. కొబ్బరినీళ్ళతో పెరిగిన మనిషికి అది విషమని చెబితే మొదట నవ్వాను. పక్క కుర్చీలో ఇప్పటికి ముగ్గురు మారారు. వాళ్ళు ఎక్కడికి వెళ్ళారని సిస్టర్‌ను అడగడం మానేశాను. ఈ పేరాకు టికెట్టుతో సంబంధం లేదు గనుక దీనిని వదిలివేయగలరు.

3. ఋజువుల విషయమై.

(క) దీవిలోని నా ఇంటికి నా పేరు మీద కరెంటు బిల్లు జతపరచమన్నారు. మా దీవిలో కరెంటుకు బిల్లు ఉండదు. దుకాణంలో కార్డు కొని మీటరులో పెట్టుకోవాలి. కార్డు అయిపోతే దీపం ఆరిపోతుంది, ఎవరూ ఉత్తరం రాయరు.

(ఖ) దానికి బదులుగా ఇంటి ఫోటోలు పంపవచ్చునా అని అడిగితే, పరిశీలిస్తామన్నారు. మా తోడల్లుడు నెహెమియాకు చెప్పాను. నెహెమియా అంటే కెజియా చెల్లెలు డోర్కస్ మొగుడు. ఇప్పటికీ రొయ్యలకు మునుగుతాడు. నీటి అడుగున వాడి చూపు డేగ చూపే గాని ఫోను పట్టుకుంటే చేతకాదు. పది ఫోటోలు పంపాడు. అందులో నాలుగు మామిడిచెట్టువి, మూడు తుప్పుపట్టిన నా పడవవి, రెండు వాడి బొటనవేలివి. ఒక దానిలో ఇంటి మెట్లు కొంతవరకు కనిపిస్తున్నవి. 'చెట్ల ఛాయాచిత్రములు నివాస ఋజువుగా అంగీకరించబడవు' అని తమరు రాశారు. న్యాయమే. నేను మాత్రం ఆ మామిడిచెట్టు ఫోటో చాలాసేపు చూశాను. కొమ్మ ఒకటి కొట్టేశారు. నన్ను ఎవరూ అడగలేదు.

(గ) బంధువు కాని స్థానికుడి చేత ధ్రువీకరణ పత్రం తెమ్మన్నారు. పంచాయతీ ఆఫీసు గుమాస్తా ముద్ర వేసి ఇచ్చిన పత్రం తమరు తిప్పిపంపారు, గుమాస్తా డోర్కస్ గనుక, డోర్కస్ నా మరదలు గనుక. అయ్యా, మా దీవి జనాభా రెండు వందల ఎనభై. అందులో నాకు బంధువులు కానివారు ముగ్గురు: బడి టీచరమ్మ, పోలీసు, పోలీసు కుక్క. పోలీసు సెలవు మీద వెళ్ళాడు. టీచరమ్మ సంతకం పెట్టింది గాని, ఆమె వచ్చి ఎనిమిది నెలలే అయినందున నన్ను చూసి ఎరుగనని నిజం రాసింది. ఎనిమిది నెలల కింద వచ్చిన ఆ అమ్మాయికి రాయితీ కార్డు ఉంది. ఉండనీయండి, ఆమె పిల్లలకు బాగా చెబుతుందట. కాని ఆ బడికి పునాది గుంటలు తవ్వినవాళ్ళలో నేనొకణ్ణి. నాకు కార్డు లేదు.

4. కార్యం విషయమై.

'ఇది అత్యవసర ప్రయాణముగా కనబడుటలేదు, మరణము సంభవించి నాలుగు సంవత్సరములైనది' అని తమ మూడవ ఉత్తరంలో ఉంది. దీనికి జవాబు కొంచెం పొడుగు. ఓపిక పట్టవలెను.

మాలో మనిషి పోతే ఇంటివాళ్ళు వేలు కదపకూడదు. గొయ్యి తవ్వడం, పెట్టె మోయడం, వండటం, కడగడం అంతా పెళ్ళి వల్ల చుట్టాలైనవాళ్ళు చేస్తారు. ఏడుస్తున్నవాడి చేత పని చేయించడం మాలో సిగ్గుచేటు. కెజియా పోయినప్పుడు ఆ పని నెహెమియా మీద పడింది. నా రాయితీ కార్డుకు అప్పటికి ఇంకా రెండు నెలల గడువు ఉంది. ఆ కార్డు మీదే శనివారం వెళ్ళి, ఆమెను మట్టిలో పెడుతుంటే కూర్చుని చూసి, ఆదివారం వచ్చి, సోమవారం కుర్చీలో ఉన్నాను. ఆమె ప్రాణం పోయిన వేళకు కూడా నేను ఇక్కడ కుర్చీలోనే ఉన్నాను. మధ్యలో తీయడం కుదరదన్నారు. ఇంకా రెండు గంటలుంది, పూర్తి చేసుకోమన్నారు.

పూడ్చడంతో మాకు చావు పూర్తి కాదు. ఆ తర్వాత రాయి తెప్పించాలి. అది దక్షిణం నుంచి ఓడ మీద రావడానికే రెండేళ్ళు పట్టింది. రాయి నిలబెట్టి పైనుంచి కిందకు గుడ్డలు చుడతారు, ఒక్కో కుటుంబం తరఫున ఒక్కో గుడ్డ. దాని మీద చెక్కిన పేరు ఎవరికీ కనపడకూడదు. ఒకరోజు ఏర్పాటు చేసి, ఫాదర్ ప్రార్థన చేస్తుండగా ఒక్కొక్క గుడ్డ విప్పుతారు. మా ఇంటి వాడుక ప్రకారం ఆఖరి గుడ్డ భర్తో భార్యో తీయాలి. ఆ తర్వాత విందు, ఆట, పాట. అప్పటికి గాని దుఃఖం దిగదు. అంతవరకు ఆ ఇంట్లో పెళ్ళి జరగదు, మద్దెల మోగదు. నెహెమియా కూతురి పెళ్ళి నా మూలంగా రెండుసార్లు ఆగింది.

అవును, రెండుసార్లు. రాయి వచ్చిన మొదటి ఏడాది ఒక రోజు కుదిర్చారు. తమ మొదటి ఉత్తరం వచ్చింది, వాయిదా వేశారు. రెండో ఏడు మళ్ళీ కుదిర్చారు. తమ రెండో ఉత్తరం వచ్చింది. ఈలోపు గుడ్డలు ఎండకు వెలిసి, వానకు చివికిపోతే పైన కొత్త గుడ్డలు చుట్టారు. డోర్కస్ కెజియాకు తోడబుట్టినది గనుక తను రాతిని ముట్టుకోకూడదు. కంచె బయట నిలబడి మొగుడి మీద అరుస్తుంది.

"ఆ పువ్వుల గుడ్డ తలకిందులుగా చుట్టావు! అక్కకి అట్లా ఉంటే నచ్చదు!"

"మీ అక్క చూస్తోందా ఏంటి?"

"చూడకపోతే నీకెందుకు చెబుతాను? విప్పు, విప్పి మళ్ళీ చుట్టు!"

ఇదంతా ఫోనులో నాకు వినిపించింది. నవ్వొచ్చింది. నవ్వుతూ ఉంటే పక్కగది ఆయన గోడ మీద కొట్టాడు.

పోయిన నెలలో నెహెమియా ఫోను చేశాడు. ఎప్పుడూ ముందు గాలి సంగతి, రొయ్యల సంగతి చెబుతాడు. ఆ రోజు చెప్పలేదు.

"అన్నా, సెప్టెంబరు రెండో శనివారం ఖాయం చేశాం. ఫాదర్ ఒప్పుకున్నాడు. ఇంక వాయిదా లేదు."

"నాకు టికెట్టు రాకపోతే?"

"నేనేం చెప్పను? పెద్దాళ్ళు కూర్చుని తేల్చేశారు. ఒక మనిషిని ఎన్నాళ్ళు ముసుగులో నిలబెడతార్రా అని నన్ను తిట్టారు."

"ఆఖరి గుడ్డ ఎవరు తీస్తారు?"

వాడు నోరు తెరిచేలోపు డోర్కస్ ఫోను లాక్కుంది.

"బావా, నువ్వు రాకపోతే నీ కుర్చీలో నీ పాత చొక్కా వేస్తాం. ఆ చొక్కా చెయ్యి పట్టుకుని మా ఆయన గుడ్డ లాగుతాడు. బాగుంటుందా? ఊరంతా చూస్తుండగా మా అక్క నీ చొక్కాకి కనపడాలా?"

"కాగితం తేలాలి కదే."

"కాగితం, కాగితం! నిన్ను ఎవడూ వండమనలేదు, తవ్వమనలేదు, మొయ్యమనలేదు. నువ్వు చెయ్యాల్సింది వచ్చి కూర్చోవడం, లేచి ఒక్క గుడ్డ తియ్యడం. అది కూడా చేతకాదా నీకు?"

అయ్యా, ఆమె అడిగిన ప్రశ్ననే తమరి ముందు పెడుతున్నాను. నాలుగేళ్ళయినది గనుక అత్యవసరం కాదని తమరన్నారు. నాలుగేళ్ళయినది గనుకనే అత్యవసరం.

5. ఆర్థిక స్తోమత విషయమై.

రాయితీ లేని టికెట్టు ధర నా నెల పింఛనుకు మించినది. కెయిర్న్స్ నుంచి హార్న్ దీవికి పెద్ద విమానం, అక్కడి నుంచి గైబర్‌కు తొమ్మిదిమంది పట్టే చిన్న విమానం. ఈ ధరకు ఇదే విమానసంస్థ విదేశాలకు తీసుకెళ్ళి, అన్నం పెట్టి, సినిమా కూడా చూపిస్తుందని సిస్టర్ చెప్పింది. నాకు విదేశాల్లో పనిలేదు. పూర్తి ధర చెల్లించుకొనే స్తోమత నాకు ఏవిధంగాను లేదని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను.

6. తిరిగి వచ్చుట విషయమై.

వెళ్ళినవాడు తిరిగిరాడేమో, మిషను తప్పించుకుంటాడేమో అని ఆసుపత్రివారికి సందేహం ఉన్నట్టు తెలిసినది. అలాంటివాళ్ళు ఉన్నారు. ఇంటికి వెళ్ళి, వారం రోజులు కొబ్బరినీళ్ళు తాగి, తాబేలు కూర తిని, తమవాళ్ళ మధ్య పోయారు. వాళ్ళను నేను తప్పుపట్టను. నేను మాత్రం అందుకు వెళ్ళడంలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి నన్ను మిషను నుంచి విప్పుతారు. శనివారం తెల్లవారుజామున బయలుదేరితే పది గంటలకు గైబర్‌లో ఉంటాను. ఆదివారం చిన్న విమానం ఎగరదు, నెహెమియా పడవలో హార్న్ దీవికి చేరుస్తాడు. సోమవారం ఆరింటికి నా కుర్చీలో నేనుంటాను. హామీపత్రం జతపరిచాను. సిస్టర్ సాక్షి సంతకం చేసింది.

7. పథకం ఉద్దేశం విషయమై.

తమ కరపత్రం మొదటి పేజీలో 'మారుమూల నివాసుల ఏకాకితనమును తగ్గించుట ఈ పథకం ముఖ్య ఉద్దేశం' అని అచ్చువేశారు. పక్కన నవ్వుతున్న కుటుంబం బొమ్మ ఉంది. దీనిపై ఒక చిన్న సవరణ సూచించదలిచాను.

మా దీవిలో నేను ఏకాకిగా ఎన్నడూ లేను. ఉందామన్నా కుదరదు. దొడ్డికి వెళ్ళేటప్పుడు కూడా ఎవరో ఒకరు దారిలో ఆపి కబురు చెబుతారు. లక్షన్నర జనం ఉన్న ఈ పట్టణానికి వచ్చాకనే ఆ మాటకు అర్థం తెలిసింది. మంగళ, గురు, శని, ఆదివారాలు నాకు పనిలేదు. సముద్రపు ఒడ్డున బెంచీ మీద కూర్చుంటాను. ఇక్కడి ఒడ్డు అంతా బురద, పడవ లాగడానికి పనికిరాదు. దేశదేశాల నుంచి వచ్చినవాళ్ళు నా దగ్గరికి వచ్చి, మర్యాదగా వంగి, ఫోటో తీయమని ఫోను చేతికిస్తారు. నేను బాగా తీస్తాను, నెహెమియాలా బొటనవేలు అడ్డుపెట్టను. తలలు తెగకుండా, వెనకాల నీళ్ళు కనిపించేలా తీస్తాను. 'థాంక్యూ, థాంక్యూ' అంటారు. కొన్ని ఆదివారాలు నేను రోజంతా విన్న మాట అదొక్కటే. ఇప్పటికి ఎన్ని ఇళ్ళలో నేను తీసిన ఫోటోలు గోడలమీద ఉన్నాయో! వాటిలో నేను లేను.

గదిలో ఉంటే ఉదయం ఆరుంబావుకు విమానం మోత వినిపిస్తుంది. అది హార్న్ దీవికి వెళ్ళేది. కిటికీలోంచి కనబడదు, మేడ అడ్డం. మోత మాత్రం వింటాను. డయాలసిస్ లేని రోజున కూడా ఆ వేళకు మెలకువ వస్తుంది. కనుక తమ కరపత్రంలో 'మారుమూల నివాసుల' అన్న చోట 'మారుమూల నుంచి తెచ్చి పట్టణంలో పెట్టబడినవారి' అని కూడా చేర్చవలసినదిగా సూచిస్తున్నాను.

పై కారణములను పురస్కరించుకొని, దరఖాస్తుదారుడనైన నన్ను గైబర్ దీవి నివాసిగా గుర్తించి, సెప్టెంబరు రెండవ శనివారమునకు పోను, ఆదివారమునకు హార్న్ దీవి నుండి రాను, ఒక్క రాయితీ టికెట్టు మంజూరు చేయవలసినదిగా వేడుకొంటున్నాను. కిటికీ పక్క సీటు అవసరం లేదు. దారి నాకు తెలుసు. ఈ నాలుగు మాటలూ తమరు తీరిక చేసుకొని చిత్తగించవలెను. తమ గుమాస్తా బ్రియనీ మీద కోపగించుకోవద్దు, ఆ పిల్ల తప్పేమీ లేదు.

ఇట్లు,
తమ విధేయుడు, గైబర్ వాస్తవ్యుడు,
ఎలియాబ్ మరేకో

జతపరచినవి: ఆసుపత్రి పత్రం ఒకటి, హామీపత్రం ఒకటి, ఫాదర్ గారి ఉత్తరం ఒకటి (ఫాదర్ నాకు వరసకు మేనల్లుడు, ముందే చెబుతున్నాను).

తా.క.

అయ్యా, సంతకం చేసి కాగితం మడిచాను. కవరులో పెట్టి మళ్ళీ తీశాను. ఇది మిషను పక్కన కుర్చీలో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి. ఎడమచెయ్యి కదపకూడదు.

5వ అంశంలో ధ్రువీకరించినది అబద్ధం. పూర్తి ఛార్జీ డబ్బు నాకు రెండుసార్లు వచ్చింది. మొదటి ఏడు నెహెమియా, వాడితో మునిగే కుర్రాళ్ళు ఒక రోజు రొయ్యలన్నీ అమ్మి పంపారు. రెండో ఏడు డోర్కస్ చర్చి ఆడవాళ్ళ చేత పంపించింది. రెండుసార్లూ నేనే తిప్పి పంపేశాను. "నేను ఈ ఊరివాణ్ణని గవర్నమెంటు ఒప్పుకుంటేనే వస్తా, పరాయివాడిలా పూర్తి టికెట్టు కొనుక్కుని మాత్రం రాను" అన్నాను. మా ఊళ్ళో అందరూ నన్ను పౌరుషం గల మనిషన్నారు. నేను కూడా కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను.

మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు చెబుతాను. 'విచారిస్తున్నాము' అన్న మాట దాకా చదివాను. నా ఒళ్ళు తేలికపడింది. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. రెండో ఉత్తరమప్పుడూ అంతే. నెహెమియాకు ఫోనులో చదివి వినిపిస్తూ గొంతు బాధగా పెట్టాను. మూడోది వచ్చేసరికి ఆ గొంతు దానంతటదే వచ్చింది.

ఆ గుడ్డ తీస్తే అయిపోతుందండీ. పాడతారు, ఆడతారు, ఆ పిల్లకు పెళ్ళి చేస్తారు. కెజియా పేరు మామూలుగా అనేస్తారు, ఏ వంట దగ్గరో, ఏ వల దగ్గరో. మంచిదే. అందుకే కదా చేసేది. మర్నాడు నేను ఇక్కడికి వచ్చేస్తాను. ఇప్పుడు ఆ దీవిలో నాకోసం ఒక పని ఆగి ఉంది. నేను లేనిదే కాదని రెండు వందల ఎనభైమంది ఆగి ఉన్నారు. అది కూడా అయిపోతే, నాకోసం ఆగి ఉండేది ఈ కుర్చీ ఒక్కటే.

ఇప్పుడు వాళ్ళు ఇక ఆగలేమన్నారు. మీరు కాదంటే నేను లేకుండానే తీసేస్తారు. నేను చూడను గనుక నా మటుకు అది తీయనట్టే ఉంటుంది. ఎప్పటికీ ఆమె మీద ఆ గుడ్డ అలాగే ఉన్నట్టు ఒడ్డున ఆ బెంచీ మీద కూర్చుని అనుకుంటూ బతికేయగలను. నన్ను నేను ఎరుగుదును, తప్పకుండా అలాగే చేస్తాను. కానీ అక్కడ ఆమె ముందు ఉండేది చొక్కా. నలభై ఏళ్ళు కాపురం చేసింది. ఏ పడవ మీద ఎన్నాళ్ళున్నా, దిగి వచ్చేసరికి గట్టు మీద నిలబడి ఉండేది.

మళ్ళీ డబ్బు పంపమని వాళ్ళను అడగడానికి నాకు మొహం లేదు. మీ చీటీ ఒక్కటి వస్తే చాలు. ఈ ఊరివాడివే అని మీరే ముద్ర వేసి ఇచ్చాక వెళ్ళకపోవడానికి నా దగ్గర కారణం ఏదీ మిగలదు, లేచి వెళ్ళాల్సిందే.

మీరు కాదంటే నేను కుమిలిపోతానని అనుకోకండి. నాకు హాయిగానే ఉంటుంది. అందుకే బతిమాలుతున్నాను బాబూ, ఈసారి కాదనకండి.